దాచవచ్చు, పూడ్చేయకూడదు: బాత్రూమ్‌లోని సాయిల్ పైపుపై ఒక సమీక్ష

పాత ఫ్లాట్‌లో బాత్రూమ్‌ను తిరగదోడి కొత్తగా కట్టించుకోవాలనుకున్నప్పుడు టైల్స్ రంగు, షవర్ రకం, కమోడ్ ఆకారం లాంటివన్నీ రెండు మూడు షాపులు తిరిగితే తేలిపోతాయి. తేలకుండా మిగిలేది మూలన నేల నుంచి సీలింగ్ దాకా నిలబడి ఉన్న నాలుగంగుళాల సాయిల్ పైపు. ఎంత ఖరీదైన టైల్ వేసినా చూపు దాని మీదికే పోతుంది. దాన్ని ఏం చేయాలన్న విషయంలో ఇంటికి వచ్చేవాళ్లలో ఏ ఇద్దరి మాటా కలవదు. ఇంటీరియర్ డిజైనర్ అది కనబడకూడదంటాడు. తాపీమేస్త్రి ఇటుక కట్టి పైన టైల్ వేసేస్తే అరపూట పని అంటాడు. ప్లంబర్ దాని జోలికి పోవద్దంటాడు. అసోసియేషన్ వాళ్లు తమకు చెప్పకుండా ఏదీ కదపవద్దంటారు. నలుగురూ తమ పని అనుభవాన్ని బట్టి సబబుగానే మాట్లాడుతున్నారు గానీ, ఆ నాలుగు మాటలనూ పక్కపక్కన పెట్టి తూచి చూడటం అరుదు. పైపులో జరిగే పని, దాని చరిత్ర, దాచే పద్ధతులు, చట్టం చెప్పేది అన్నీ చూశాక తేలేది ఇది: సాయిల్ పైపును దాచడంలో తప్పు లేదు, పూడ్చేయడంలోనే ఉంది. సరిగ్గా దాచిన పైపుకు అవసరమైనప్పుడు చెయ్యి అందుతుంది, లోపల గాలి ఆడుతుంది. పూడ్చేసిన పైపుకు మొదటిది ఉండదు. చాలాసార్లు రెండోదీ ఉండదు.

మలాన్ని, మురుగునీటిని కిందికి చేరవేయడం ఆ పైపు చేసే పనిలో సగమే. మిగతా సగం గాలికి సంబంధించినది. ఫ్లష్ చేసిన నీరు నిలువు పైపులో నిండుగా దిగదు. గోడలను పట్టుకుని పల్చటి పొరలా జారుతుంది, మధ్యలో గాలి ఉంటుంది. పైపు సైజును లెక్కగట్టేవాళ్లు నీరు అందులో పావు వంతు నుంచి మూడో వంతు వరకు మాత్రమే నిండేలా చూస్తారు. పదో అంతస్తు నుంచి పడే నీటికి కిందికి వచ్చేకొద్దీ వేగం పెరుగుతూనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గోడ రాపిడి వల్ల కొన్ని మీటర్ల లోపే వేగం స్థిరపడిపోతుంది. అసలు ఇబ్బంది వేగంతో కాదు, జారే నీరు తనతో పాటు లాక్కుపోయే గాలితో. ఆ గాలి పరిమాణం నీటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అంత గాలి ఎక్కడి నుంచో లోపలికి రావాలి. నిండు సీసాను తలకిందులు చేస్తే గుడగుడలాడుతూ ఎందుకు ఖాళీ అవుతుందో తెలిసినవాళ్లకు సాయిల్ పైపును మేడ మీదికి ఎందుకు లేపుతారో వేరే చెప్పనక్కర్లేదు. చివరి అంతస్తు కమోడ్ కలిసే చోటు దాటాక పైకి వెళ్లే భాగంలో చుక్క మురుగు కూడా పారదు. అయినా అది లేకపోతే కింది భాగం సరిగ్గా పనిచేయదు. కాబట్టి ఏ అంతస్తు బాత్రూమ్‌లో నిలబడి చూసినా, ఆ మూలన ఉన్నది ఆ ఒక్క ఇంటి మురుగు పైపు మాత్రమే కాదు. ఆ నిలువు వరసలోని ఇళ్లన్నిటికీ గాలి నడిచే దారి కూడా.

ఆ గాలి ఆగితే మొదట దెబ్బతినేది ట్రాప్‌లోని నీరు. కమోడ్ వెనక వంపులో 50 మిల్లీమీటర్ల లోతున నిలిచి ఉండే ఆ వాటర్ సీల్ ఒక్కటే గదికీ మురుగు పైపుకూ మధ్య అడ్డు. పై నుంచి గాలి అందకపోతే పైపులో పీడనం తగ్గి, ఆ నీటిని లోపలికి లాగేస్తుంది. పైపు అడుగున నిలువు దారి అడ్డంగా తిరిగే చోట దీనికి తలకిందులుగా జరుగుతుంది. అక్కడ గాలి ఇరుక్కుని ఒత్తిడి పెరిగి, కింది అంతస్తు కమోడ్‌లోని నీటిని పైకి తోస్తుంది. పై ఫ్లాట్ వాళ్లు ఫ్లష్ చేసినప్పుడు మన కమోడ్‌లో బుడగలు రావడానికీ, కారణం తెలియని దుర్వాసనకూ మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. బ్రిటన్‌లో డిజైనర్లు పైపులోని పీడన మార్పు సుమారు 38 మిల్లీమీటర్ల నీటి ఎత్తును మించకుండా చూస్తారు. అక్కడి భవన నిబంధనల ప్రకారం ఐదు అంతస్తులు దాటిన భవనంలో గ్రౌండ్ ఫ్లోర్ కమోడ్లను ప్రధాన పైపులో కలపకుండా విడిగా తీసుకెళ్లాలి. ఇరవై అంతస్తులు దాటితే మొదటి అంతస్తువి కూడా. రెండంగుళాల నీటిని కాపాడటానికి ఇన్ని నియమాలు అవసరమయ్యాయంటే, టైల్స్ వేసే ఉత్సాహంలో ఆ పైపును ఒక చోట కుదించడం, మరో చోట వంచడం ఎంత దూరం పోతుందో ఊహించవచ్చు.

ఈ పైపు ఇంటి లోపల ఉండాలా బయట ఉండాలా అన్న వాదన కొత్తది కాదు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ ఎస్ ఆకారపు వంపుతో ఉన్న కమోడ్‌కు లండన్‌లో పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి మురుగు వాయువును ఇంట్లోకి రానీయకపోవడమే ప్లంబింగ్‌కు ప్రధానమైన పని అయింది. 1871లో విక్టోరియా రాణి పెద్ద కొడుకుకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆయన బస చేసిన భవనంలోని డ్రైనేజీ మీదే అనుమానం పడింది. మురుగు వాయువు అంటే జనం హడలిపోయారు. టైఫాయిడ్ ప్రధానంగా కలుషితమైన నీళ్ల వల్ల, తిండి వల్ల వస్తుందని తర్వాత రుజువైంది. కానీ ఆ భయం నేర్పిన అలవాట్లు నిలిచాయి. పైపులను ఇంటి బయటి గోడకు బిగించారు. మలం పారే సాయిల్ పైపును, స్నానం నీళ్లు పారే వేస్ట్ పైపును వేరు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి బిల్డింగ్ రీసెర్చ్ స్టేషన్ పరిశోధనలు అమరిక సరిగ్గా ఉంటే ఒకే పైపు చాలునని చూపించాయి. బయటి పైపులు చలికాలంలో గడ్డకట్టే బెడద కూడా ఉండటంతో 1960ల నుంచి పైపు ఇంటి లోపలికి వచ్చింది. బ్రిటన్ బాత్రూమ్‌ల మూలల్లో కనబడే నిలువు పెట్టెలన్నీ ఆ మార్పు ఫలితమే. అంటే పైపును దాచాలన్న కోరిక, దాన్ని లోపలికి తెచ్చిన క్షణంలోనే పుట్టింది.

మన దగ్గర కథ కొంచెం వేరుగా నడిచింది. బ్రిటిష్ వాళ్ల నుంచి వచ్చిన రెండు పైపుల పద్ధతి ఇక్కడ చాలాకాలం నిలిచింది. గడ్డకట్టే చలి లేదు కాబట్టి పైపులను వెనక గోడ మీద, లేదా రెండు ఫ్లాట్‌ల మధ్య వదిలిన డక్ట్‌లో నడిపారు. స్నానం నీళ్లు బాత్రూమ్ నేల మీది నహానీ ట్రాప్ ద్వారా వేస్ట్ పైపులోకి, అక్కడి నుంచి భవనం బయట నేలలో ఉండే గల్లీ ట్రాప్‌లోకి పోతాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖలాంటి నగరాల్లో స్థలం ధర పెరిగే కొద్దీ డక్ట్‌లు చిక్కిపోయాయి. కొన్నిచోట్ల నిలువు పైపు బాత్రూమ్ మూలలోకి వచ్చింది. బాత్రూమ్ శ్లాబ్‌ను కిందికి దింపి కట్టని పాత అపార్ట్‌మెంట్లలో పై ఫ్లాట్ ట్రాప్‌లు, అడ్డ పైపులు కింది ఫ్లాట్ బాత్రూమ్ సీలింగ్‌కు వేలాడుతూ కనిపిస్తాయి. కాబట్టి మన దగ్గర దాచాల్సినవి రెండు రకాలు: మూలన నిలబడ్డ ఉమ్మడి పైపు, నెత్తి మీద వేలాడే పై ఇంటివాళ్ల పైపు. రెండూ మన గదిలోనే ఉన్నా ఏదీ పూర్తిగా మనది కాదన్నది గుర్తుంచుకోవాలి.

పైపు గాలి విషయంలో నిర్లక్ష్యం ఎంత దూరం పోగలదో చూపించింది హాంకాంగ్. 2003లో సార్స్ ప్రబలినప్పుడు అక్కడి అమోయ్ గార్డెన్స్ అనే నివాస సముదాయంలో 300 మందికి పైగా జబ్బు పడ్డారు, 42 మంది చనిపోయారు. ఒకే బ్లాక్‌లో, ఒకే నిలువు వరసలోని ఫ్లాట్‌లలో కేసులు ఎక్కువగా ఉండటం దర్యాప్తు చేసినవాళ్లను డ్రైనేజీ వైపు తిప్పింది. బాత్రూమ్ నేల మీది ట్రాప్‌లలో నీరు ఎండిపోయి ఉండటం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరిగినప్పుడు గదిలో పీడనం తగ్గి ఆ ఎండిన ట్రాప్ ద్వారా మురుగు పైపులోని తుంపరలతో కూడిన గాలి లోపలికి రావడం ముఖ్యమైన కారణాలుగా తేలాయి. 2020 ఫిబ్రవరిలో కోవిడ్ మొదటి రోజుల్లో అదే నగరంలోని హాంగ్ మే హౌస్ అనే భవనంలో పది అంతస్తుల తేడాతో ఒకే నిలువు వరసలో ఉన్న రెండు ఫ్లాట్‌లలో కేసులు బయటపడ్డాయి. కింది ఫ్లాట్ బాత్రూమ్‌లో మార్పులు చేసినప్పుడు వెంట్ పైపును సరిగ్గా మూసివేయలేదని అధికారులు గుర్తించి, ముందుజాగ్రత్తగా ఆ వరసలోని వందమందికి పైగా నివాసులను రాత్రికి రాత్రే ఖాళీ చేయించారు. అదే ఏడాది చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకే నిలువు వరసలోని మూడు కుటుంబాల్లో తొమ్మిది మందికి కోవిడ్ రాగా, పరిశోధకులు డ్రైనేజీ పైపులోకి ట్రేసర్ వాయువు వదిలి అది ఆ ఇళ్ల బాత్రూమ్‌లలో తేలుతుందని చూపించారు.

దీనికి ఒక అభ్యంతరం వెంటనే వస్తుంది. ఇవి మహమ్మారి కాలపు అరుదైన ఘటనలు, మన బాత్రూమ్‌లకు కిటికీలు ఉంటాయి, రోజూ బకెట్ల కొద్దీ నీళ్లు పోస్తాం కాబట్టి ట్రాప్‌లు ఎండవు అని. ఇందులో కొంత నిజం ఉంది. హాంగ్ మే హౌస్‌లో వైరస్ ఆ పైపు ద్వారానే పాకిందని ఖాయంగా చెప్పడం కూడా సరికాదు. కానీ ఈ ఉదాహరణలు చెప్పేది జబ్బు గురించి కాదు, దారి గురించి. వైరస్ రాగలిగిన దారిలో దుర్వాసన, బొద్దింకలు, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు కూడా రాగలవు. వాటికి మహమ్మారి అవసరం లేదు. ఇక ట్రాప్‌లు ఎండవన్న మాట, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి నెలల తరబడి ఫ్లాట్‌కు తాళం వేసేవాళ్లకు వర్తించదు. ఎండాకాలంలో వాడని గెస్ట్ బాత్రూమ్‌లోని ట్రాప్‌కు అసలే వర్తించదు. కొత్త బాత్రూమ్‌లలో కిటికీ చిన్నదై ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెద్దదవుతోంది. అంటే అమోయ్ గార్డెన్స్‌లో పనిచేసిన యంత్రాంగం మన కొత్త బాత్రూమ్‌లలో పనిచేయడానికి కావాల్సిన పరిస్థితులు తగ్గడం లేదు, పెరుగుతున్నాయి.

ఇక దాచే పద్ధతుల్లోకి వస్తే, మన దగ్గర ఎక్కువగా కనబడేది అన్నిటికన్నా చెడ్డది. మేస్త్రి పైపు చుట్టూ ఇటుక ముక్కలు, సిమెంట్ కూరి, ప్లాస్టరింగ్ చేసి, టైల్ అతికించేస్తాడు. అది గట్టిగా ఉంటుంది, చవకగా అయిపోతుంది. ఇబ్బంది పైపు స్వభావంలో ఉంది. పీవీసీ పైపు వేడికి సాగుతుంది, చల్లబడితే కుంచించుకుంటుంది. మూడు మీటర్ల ముక్క ఇరవై డిగ్రీల తేడాకు దాదాపు నాలుగు మిల్లీమీటర్లు కదులుతుంది. గీజర్ వేడినీళ్లు, వాషింగ్ మెషీన్ నీళ్లు పడే పైపులో ఆ తేడా మామూలే. రబ్బర్ రింగ్ జాయింట్‌లో కాస్త ఖాళీ వదిలి బిగించమనేది అందుకే. సిమెంట్ కూరితే ఆ కదలికకు చోటు పోయి, బరువంతా జాయింట్ల మీద పడుతుంది. జాయింట్ వదులైతే చెమ్మ మొదట కనబడేది మన గదిలో కాదు, కింది ఫ్లాట్ సీలింగ్ మీద. అప్పుడు లీకు ఎక్కడుందో కనుక్కోవడానికి కూడా టైల్స్ పగలగొట్టాల్సిందే. పాత భవనాల్లోని కాస్ట్ ఐరన్ పైపులకు తుప్పు మరో శత్రువు. ఇటుక గూటిలో తేమ నిలిచి ఆ తుప్పు ఎవరికీ కనబడకుండా పెరుగుతుంది. పాత ఆస్బెస్టాస్ సిమెంట్ పైపు ఉన్నచోట గ్రైండర్ పెట్టి కోయడం అసలే కూడదు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం.

గోడను కోసి పైపును అందులో ఇమిడ్చేయడం రెండో ఆలోచన. లెక్క చూస్తే ఇది నిలవదు. మన బాత్రూమ్ అడ్డగోడ మందం 115 మిల్లీమీటర్లు, పైపు బయటి వ్యాసం 110. కాలర్ దగ్గర ఇంకా ఎక్కువ. అంటే గోడ మొత్తం పైపుకే పోతుంది. తొమ్మిదంగుళాల గోడ అయినా అంతే. నిలువు గాడి లోతు గోడ మందంలో మూడో వంతు మించకూడదన్నది బ్రిటిష్ నిబంధనల్లోని నియమం. 230 మిల్లీమీటర్ల గోడకు అది 77 మిల్లీమీటర్లలోపే. నాలుగంగుళాల పైపుకు అది చాలదు. పిల్లర్‌ను, బీమ్‌ను కొట్టి దారి చేద్దామన్న సలహా వస్తే ఆ సలహాదారును అక్కడితో పంపించేయడమే మేలు. గోడ గాడి కొళాయి పైపులకు సరిపోతుంది, సాయిల్ పైపుకు కాదు.

మూడోది, సరైనది, పైపు చుట్టూ ఫ్రేమ్ కట్టి బోర్డు బిగించి పైన టైల్ వేయడం. ఫ్రేమ్‌కు జీఐ చానెల్ వాడాలి. చెక్క అయితే చెదలు, తేమ రెండూ పట్టుకుంటాయి. బోర్డు సిమెంట్ ఫైబర్‌దై ఉండాలి. మామూలు జిప్సమ్ బోర్డు తడి తగిలే చోట మెత్తబడిపోతుంది, ప్లైవుడ్ ఉబ్బుతుంది. సముద్రపు తేమ ఉండే విశాఖ, కాకినాడల్లో ఈ తేడా ఇంకా తొందరగా బయటపడుతుంది. దీనివల్ల గది ఇరుకవుతుందన్నది పెద్ద భయం గానీ, అది కొలతకు నిలబడదు. పైపు, కాలర్, చుట్టూ కాస్త ఖాళీ, బోర్డు, టైల్ అన్నీ కలిపినా మూలన పట్టే చోటు దాదాపు 200 మిల్లీమీటర్ల చదరం, అంటే అర చదరపు అడుగు కూడా కాదు. నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న చిన్న బాత్రూమ్‌లో కూడా అది నూటికి రెండు పాళ్లలోపే. ఈ పెట్టెతో ఇంకో లాభం కూడా ఉంది. పల్చటి పీవీసీ పైపులో నీరు జారే చప్పుడు అర్ధరాత్రి పడకగదిలోకి వినిపిస్తుంది. ఇంగ్లండ్ నిబంధనలు పైపుకు కనీసం 25 మిల్లీమీటర్ల మినరల్ ఉన్ని చుట్టడమో పెట్టె లోపల పరచడమో చేయమనడమే కాక, పెట్టె గోడలు చదరపు మీటరుకు 15 కిలోలకు తగ్గకుండా ఉండాలంటాయి. చప్పుడును ఆపేది బరువు, ఉన్ని కలిసి. ఒట్టి బోర్డు దాన్ని డోలులా మోగిస్తుందేమో గానీ ఆపదు.

అయితే పెట్టెను పెట్టెగా నిలిపేది దానికున్న తలుపే. సాయిల్ పైపులో అడ్డుపడే చోట్లు దాదాపు ఎప్పుడూ కమోడ్ పైపు కలిసే మలుపులూ, అడుగు వంపులే. అందుకే అక్కడ మూత ఉన్న డోర్ టీ, డోర్ బెండ్ వాడతారు. ఆ మూతకు ఎదురుగా పెట్టెలో అడుగు చదరమైనా తెరుచుకునే ప్యానెల్ లేకపోతే డోర్ టీ ఉన్నా లేనట్టే. ప్యానెల్ అందాన్ని చెడగొడుతుందన్నది డిజైనర్ల అభ్యంతరం. టైల్‌ను స్టీల్ ఫ్రేమ్ మీద అతికించి, మ్యాగ్నెట్ క్యాచ్‌తో మూసి, గీత టైల్ జాయింట్‌లో కలిసిపోయేలా అమర్చడం ఇవాళ సాధ్యమే. జాగ్రత్తగా చేస్తే చూసేవాళ్లు కనిపెట్టలేరు. కనిపించినా నష్టం లేదు. సింక్ కింద తలుపును, స్విచ్ బోర్డును గోడ మీద భరిస్తున్న కన్ను దీన్నీ భరిస్తుంది. ఇదే లెక్క సీలింగ్‌కు వేలాడే పై ఇంటి పైపులకూ వర్తిస్తుంది. ఫాల్స్ సీలింగ్ పెట్టుకోవచ్చు గానీ, ట్రాప్ కింద ఉన్న పలకలు తీసేలా ఉండాలి. అతుకు కనబడని ఒకే పలక సీలింగ్ వేయించుకున్నవాళ్లు, పై వాళ్ల ట్రాప్ కారినప్పుడు తమ సీలింగ్‌ను తామే కోయించుకోవాల్సి వస్తుంది. వాల్ హంగ్ కమోడ్ వెనక ఫ్లష్ ట్యాంక్‌ను దాచే ఫ్రేమ్ గోడలో పైపును కూడా ఇమిడ్చేస్తే చూపుకు చక్కగా ఉంటుంది. కానీ ఫ్లష్ బటన్ రంధ్రం ట్యాంక్ లోపలి భాగాల కోసమే తప్ప, సాయిల్ పైపు మూత కోసం కాదు. దానికి వేరే ప్యానెల్ పెట్టాల్సిందే.

దాచడం కన్నా పైపునే జరపడమో, పైభాగాన్ని కోసేయడమో తెలివైన పని కదా అని మరికొందరు వాదిస్తారు. వీళ్ల చేతిలో ఉన్న బలమైన ఆయుధం ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్. పైపులో పీడనం తగ్గినప్పుడు తెరుచుకుని గదిలోని గాలిని లోపలికి పీల్చి, మిగతా సమయంలో మూసుకుని ఉండే చిన్న పరికరం ఇది. బ్రిటన్‌లో, అమెరికాలో చాలాచోట్ల షరతులతో దీన్ని ఒప్పుకుంటారు. దాని హద్దు కూడా ఆ పనితీరులోనే ఉంది. అది గాలిని లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు. అడుగున పేరుకునే పీడనానికి అది జవాబు కాదు. కాబట్టి భవనం మొత్తానికి ఎక్కడో ఒకచోట ఆకాశానికి తెరిచిన వెంట్ ఉండి తీరాలి. సెప్టిక్ ట్యాంక్ మీద ఆధారపడిన శివారు కాలనీల్లో, ట్యాంక్‌లో పుట్టే వాయువుకు కూడా దారి కావాలి కాబట్టి, ఆ తెరిచిన వెంట్ మరింత అవసరం. పైగా వాల్వ్ రబ్బరు కూడా ఏదో ఒకరోజు పాడవుతుంది. దాన్ని గాలి ఆడని పెట్టెలో మూసేస్తే అది పీల్చడానికే ఏమీ ఉండదు. ఒకే ఇంట్లో వాష్‌బేసిన్ కొసకు వాడుకోవడానికి అది మంచి పరికరం. పది ఫ్లాట్‌ల ఉమ్మడి వెంట్‌ను ఒక ఫ్లాట్‌లో కోసేయడానికి సాకు మాత్రం కాదు. పైపును పక్కకు జరపాలంటే మధ్యలో రెండు వంపులు పెట్టాలి. ఒక్కో వంపు దగ్గర జారే నీటి పొర చెదిరి గాలి దారిని మూస్తుంది, మలం ఆగే చోటు కొత్తగా పుడుతుంది. చేయక తప్పకపోతే ఇంజనీర్ డ్రాయింగ్‌తో, విశాలమైన వంపులతో, వాటికి మూతలతో చేయాలి. మేస్త్రి నోటిమాట మీద కాదు.

పైపు పై కొస గురించి కింది ఇళ్లవాళ్లు ఆలోచించరు, కానీ కింద జరిగే సగం గందరగోళానికి మూలం అక్కడే. మనుషులు తిరిగే చదును పైకప్పు మీద వెంట్ పైపు కనీసం రెండు మీటర్ల ఎత్తు ఉండాలనీ, ఐదు మీటర్ల దూరంలోపల కిటికీ ఉంటే దాని పైఅంచు కన్నా రెండు మీటర్లు పైకి ఉండాలనీ జాతీయ భవన నియమావళి చెబుతుంది. మన మేడల మీద తర్వాత కట్టిన పెంట్‌హౌస్, బట్టలు ఆరేసే షెడ్, సోలార్ ప్యానెళ్లు ఈ లెక్కను తారుమారు చేస్తాయి. వాసన వస్తుందని ఎవరో పైపును మొదలంటా కోసేస్తారు, ఇంకెవరో పై కొసన గాలి ఆడే టోపీని (కౌల్) తీసేసి మూత బిగిస్తారు. మేడ మీద మూత పడిన పైపును మూడో అంతస్తులో ఎంత అందంగా దాచినా అక్కడి కమోడ్ గుడగుడలాడుతూనే ఉంటుంది. అందుకే బాత్రూమ్ పని మొదలు పెట్టేముందు ఒకసారి మేడ మీదికెక్కి మన వరస పైపు తెరిచి ఉందో లేదో చూడటం, టైల్స్ ఎంచుకోవడం కన్నా ముందు చేయాల్సిన పని.

నా ఫ్లాట్, నా డబ్బు, నా ఇష్టం అన్నది చివరి అభ్యంతరం, అన్నిటికన్నా గట్టిగా వినబడేది కూడా. చట్టం దీన్ని ఒప్పుకోదు. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ఉమ్మడి భాగాలను నిర్వచిస్తూ నీరు, పారిశుధ్యం వంటి కేంద్ర సేవల ఏర్పాట్లను, ఉమ్మడి వాడకానికి ఉన్న డక్ట్‌లను అందులో చేర్చింది. అపార్ట్‌మెంట్ల నిర్మాణం, యాజమాన్యంపై ఆంధ్రప్రదేశ్ 1987లోనే చేసిన చట్టం కూడా ఉమ్మడి భాగాల్లో ప్రతి యజమానికీ విడదీయరాని వాటా ఉంటుందన్న భావన మీదే నిలిచింది. నాలుగు ఇళ్ల మలం మోసే పైపు మన గదిలో నిలబడి ఉన్నంత మాత్రాన మన సొంతం కాదు. దాని పక్కన ఉండే హక్కు మనది, దాన్ని చేరుకునే హక్కు అందరిది. అలాగని అసోసియేషన్లు ప్రతి మార్పుకూ అడ్డుపడటం కూడా సబబు కాదు. ముట్టుకోవద్దన్న ఒక్క మాటతో సరిపెట్టేవాళ్ల వల్లే జనం చెప్పకుండా చేయించుకుంటున్నారు. తలుపు ఉన్న పెట్టె అయితే అనుమతి, ఇటుక కట్టుడు అయితే కాదు అన్న స్పష్టమైన నియమం ఒకటి రాసుకుంటే గొడవలు సగం తగ్గుతాయి. కొత్త భవనమైతే అప్పగించిన ఐదేళ్లలోపు బయటపడే పనితనం లోపాలను బిల్డరే సరిచేయాలని రెరా చెబుతుంది. పైపును మనమే పూడ్చేశాక, లోపం ఎవరిదని తేల్చడం మన చేతుల్లో ఉండదు.

పీవీసీ తుప్పు పట్టదు, ఒకసారి సరిగ్గా వేస్తే యాభై ఏళ్లు చూడక్కర్లేదు కదా అన్న మాటను కూడా తీసిపారేయలేం. పైపు వరకు అది చాలావరకు నిజం. కానీ పైపులో పడేవి మన చేతుల్లో లేవు. శానిటరీ ప్యాడ్లు, తడి టిష్యూలు, వంటింటి కొవ్వు ఏ పైపు నాణ్యతనూ లెక్కచేయవు. నాణ్యత కూడా అనుకున్నంత ఖాయం కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 13592 ప్రకారం వాననీటికి, వెంట్‌కు వాడే పల్చటి టైప్ ఏ పైపు వేరు, మలానికి వాడాల్సిన మందమైన టైప్ బీ పైపు వేరు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి, పెట్టె మూసేముందు పైపు మీది ముద్ర చదవడం రెండు నిమిషాల పని. దానితో పాటు జాయింట్లకు పరీక్ష కూడా కావాలి. ఇంగ్లండ్‌లో పైపు నోళ్లు మూసి, 38 మిల్లీమీటర్ల నీటి ఎత్తుకు సమానమైన గాలి పీడనం మూడు నిమిషాలు నిలవాలంటారు. మన ప్లంబర్లు కొత్తగా వేసిన ముక్కను అడుగున మూసి నీళ్లు నింపి చూస్తారు. ఏది చేసినా బోర్డు బిగించేముందే చేయాలి. శ్లాబ్‌లో పైపు దూరే రంధ్రం చుట్టూ నిప్పును తట్టుకునే సీలెంట్ నింపాలి. లేకపోతే ఆ పెట్టె కింది ఇంట్లోని పొగను, బొద్దింకలను పైకి తెచ్చే చిమ్నీ అవుతుంది.

ఇన్ని వాదనల తర్వాత నలుగురి మాటల్లోని సగం సగం నిజాలు ఒకచోటికి వస్తాయి. కనబడకూడదన్న డిజైనర్ కోరిక న్యాయమైనదే, తలుపు పెట్టి దాన్ని తీర్చవచ్చు. ముట్టుకోవద్దన్న ప్లంబర్ మాట పైపు దారికి వర్తిస్తుంది, దాని చుట్టూ కట్టే పెట్టెకు కాదు. అసోసియేషన్ అనుమతి అడగడం సరైనదే, ఎందుకంటే పైపు ఉమ్మడిది. వదిలేయాల్సింది మేస్త్రి ఇటుక కట్టుడు ఒక్కటే, అదీ అది చవక అన్న నమ్మకం తప్పు కాబట్టి. దాని అసలు ఖర్చు మొదటిసారి పైపు మూసుకుపోయిన రోజున, మన టైల్స్‌తో పాటు కింది ఇంటి సీలింగ్‌తో కలిపి వస్తుంది. కాబట్టి కాంట్రాక్టర్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడు టైల్ బ్రాండ్, కొళాయి మోడల్ పక్కనే ఇంకో వాక్యం చేర్చడం మంచిది: పని పూర్తయ్యాక ఒక్క టైల్ కూడా పగలగొట్టకుండా, స్క్రూడ్రైవర్ తప్ప మరో పనిముట్టు లేకుండా, ప్రతి డోర్ టీ మూతకూ చెయ్యి అందాలి. చివరి బిల్లు చెల్లించేముందు ప్యానెల్ తీయించి అది నిజమో కాదో కళ్లతో చూసుకోవాలి. కొత్త భవనాలు కట్టేవాళ్లు డక్ట్‌కు మనిషి పట్టేంత వెడల్పు, ప్రతి అంతస్తులో ఒక తలుపు ఇస్తే ఈ చర్చే చాలావరకు అక్కర్లేకుండా పోతుంది. అంతవరకు ఆ తలుపును బాత్రూమ్ మూలన పెట్టుకునే బాధ్యత ఇంటివాళ్లదే.